నేను పుస్తకంగా పనిచేసిన రోజు

లైబ్రరీ సైన్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. “సార్, మీ సర్వీసులో మరిచిపోలేనిది ఏదైనా చెప్పండి” అంటారు. ఏదో గొప్ప పని చేసి ఉంటానని వాళ్ల ఆశ. గొప్ప పని చెప్పాలంటే ముందు అది చేసి ఉండాలి కదా. అందుకని నిండు హాల్లో నా పరువు పోయిన ఒక రోజు గురించి చెబుతుంటాను. పరువు పోయిన రోజులకు నా సర్వీసులో కొదవ లేదు గానీ, ఇది చదువుకూ పరీక్షకూ సంబంధించింది కాబట్టి మీకు కాస్త పనికొస్తుంది.

ఎనభైల చివర్లో నేను ఖమ్మంలో ఒక కాలేజీకి లైబ్రేరియన్‌ని. హైదరాబాదు వెళ్లి ఎం.లిబ్. చేసి వచ్చినవాణ్ణి. జిల్లా మొత్తంలో ఆ డిగ్రీ ఉన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆ లెక్క నాతోనే మొదలుపెట్టాలని నా గట్టి అభిప్రాయం. దూరవిద్యలో బి.లిబ్. కోర్సు పెట్టి మా కాలేజీని స్టడీ సెంటర్ చేసినప్పుడు, ఆదివారాలు పాఠం చెప్పే పని నాకు అప్పగించారు. మామూలు డిగ్రీ అయిపోయాక చదివే మరో డిగ్రీ అది. “డిగ్రీ మీద డిగ్రీ సదివేది గీ బుక్కులు సదురుటానికేనా సార్?” అని మా అటెండర్ ప్రతి ఆదివారం తాళం తీస్తూ అడిగేవాడు. వాడికి సమాధానం చెప్పడం నా స్థాయికి తగదనుకునేవాణ్ణి. నిజానికి నా దగ్గర సమాధానం లేదు.

క్లాసులో నా దర్జా మీరు చూడాల్సింది. కేటలాగు కార్డు మీద ఎడమ వైపు ఎంత జాగా వదిలి రాయడం మొదలుపెట్టాలో చెప్పడానికే ఒక ఆదివారమంతా తీసుకున్నాను. ఇంకో ఆదివారం పుస్తకాల సంరక్షణ. బైండింగుకు పంపేటప్పుడు ప్రతి పుస్తకంలోనూ చీటీ పెట్టాలనీ, అంచులు కోయవద్దని అందులో స్పష్టంగా రాయాలనీ గంటసేపు నోట్సు చెప్పాను. అందరూ బుద్ధిగా రాసుకున్నారు. ఆ పాఠం చెవికెక్కనివాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. వాడు బోర్డు దగ్గర నిలబడి ఉన్నాడు.

అన్నిటికంటే నాకు ఇష్టమైనది వర్గీకరణ. పుస్తకం దేని గురించో చూసి దానికో నంబరు ఇవ్వడం. లైబ్రరీలో పుస్తకం ఏ అరలో ఎవరి పక్కన ఉండాలో ఆ నంబరే చెబుతుంది. ఆ నంబర్లన్నీ ఉండే దశాంశ వర్గీకరణ గ్రంథం మూడు లావుపాటి సంపుటాలు. ఖరీదైనవి, ఇంగ్లీషులో ఉండేవి, జిల్లాలో మా దగ్గర మాత్రమే ఉన్నవి. వాటిని తెరవకుండానే నంబర్లు గడగడా అప్పజెప్పేవాణ్ణి. “ఏ విషయమైనా అడగండి” అని సవాలు చేసేవాణ్ణి. మాటవరసకు ఎవరైనా అడిగితే చెప్పి, వాళ్లు ఆశ్చర్యపోయేదాకా ఆగి, అప్పుడు పాఠంలోకి వెళ్లేవాణ్ణి.

నా విద్యార్థుల్లో ఎక్కువమంది ఉద్యోగస్తులే. కొందరు బడిపంతుళ్లు, నోరున్న బ్యాంకు క్లర్కు ఒకాయన, ఇంకా ఒక కోయ అమ్మాయి. ఆమెది దుమ్ముగూడెం దాటి అడవిలోకి పోతే వచ్చే ఊరు. అక్కడి శాఖా గ్రంథాలయంలో పార్ట్‌టైమ్ మీద పనిచేసేది. ఆశ్రమ పాఠశాలలో చదువుకుని, ప్రైవేటుగా బి.ఏ. కట్టి పాసైంది. శనివారం సాయంత్రమే భద్రాచలం చేరి, తెలిసినవాళ్లింట్లో పడుకుని, తెల్లవారుజాము బస్సెక్కి ఖమ్మం వచ్చేది. రైల్వే స్టేషను పక్కనే ఇల్లున్న బ్యాంకు క్లర్కు ప్రతి ఆదివారం ఆలస్యమే గానీ, ఆమె ఒక్కనాడూ ఆలస్యం కాలేదు.

ఆమెకు ఆ డిగ్రీ అవసరం అందరికంటే ఎక్కువ. వాళ్ల ఊరి శాఖలో పూర్తికాలం పోస్టు మంజూరైంది. డిగ్రీ ఉన్నవాళ్లనే వేయాలని ఉత్తర్వు వచ్చింది. ఈసారి పాసైతే ఆ కుర్చీ ఆమెది. లేకపోతే ఎక్కడినుంచో ఇంకొకరు వచ్చి కూర్చుంటారు, ఉన్న పార్ట్‌టైమ్ పనీ పోతుంది. పరీక్ష ఏడాదికి ఒక్కసారే. ఈ సంగతి ఆమె నాకు చెప్పలేదు. జిల్లా ఆఫీసులో విని నేనే తెలుసుకున్నాను. అప్పటినుంచి ఆమె పాసు కావడం నా బాధ్యత అని నాలో నేనే నిర్ణయించేసుకున్నాను. ఆ బాధ్యతను ఎంత చక్కగా నిర్వర్తించానో ఇక వినండి.

ప్రాక్టికల్ పరీక్షకు హైదరాబాదు నుంచి ఒక ప్రొఫెసర్ వస్తున్నాడని కబురొచ్చింది. మహా కటువుగా ఉంటాడని పేరు. ఆయన కంటికి మా సెంటరు ఆనాలి కదా అని ఆలోచించి, అట్టలు వదులైన ఆ మూడు సంపుటాలనూ బైండింగుకు ఇచ్చాను. బజారులో ఉన్న బైండరు రెవెన్యూ రికార్డులూ షావుకార్ల చిట్టాపద్దులూ కుట్టడంలో దిట్ట. నేను చీటీ గీటీ పెట్టలేదు. నోటితోనే చెప్పాను. “అట్ట ఎర్రగా ఉండాలి, వీపు మీద బంగారు అక్షరాలు పడాలి, అంచులు నున్నగా రావాలి” అన్నాను. నున్నగా అన్న మాట రెండుసార్లు అన్నట్టు కూడా గుర్తు.

పరీక్ష ముందు రోజు పుస్తకాలు వచ్చాయి. ఎంత అందంగా ఉన్నాయంటే, వాటిని నేరుగా అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశాను. బంగారు అక్షరాలు బయటికి కనబడేలా సర్ది, దూరంగా నిలబడి ఒకసారి, దగ్గరగా నిలబడి ఒకసారి చూసుకున్నాను. తెరిచి మాత్రం చూడలేదు. లైబ్రేరియన్ అనేవాడు పుస్తకాన్ని బయటనుంచే ప్రేమించడం అలవాటు చేసుకుంటే ఏమవుతుందో మర్నాడు తెలిసింది.

ప్రొఫెసరుగారు పొద్దున రైల్లో దిగాడు. సన్నటి మనిషి, మాటలూ అంతే సన్నం. ఇడ్లీ తిన్నాడు, ఏమీ అనలేదు. బీరువాలో ఎర్ర అట్టలు చూశాడు, ఏమీ అనలేదు. హాల్లో విద్యార్థులు కూర్చున్నారు. పుస్తకాల పేర్లున్న ప్రశ్నపత్రం ఇచ్చారు. ఒక్కొక్కరూ బల్ల దగ్గరికి వచ్చి, ఆ గ్రంథంలో విషయం వెతికి, నంబరు చూసుకుని వెళ్లి రాయాలి. అక్షరక్రమంలో ఉండే సూచిక సంపుటాన్ని పరీక్షలో ఇవ్వకూడదని మా యూనివర్సిటీ నియమం. మొదట బ్యాంకు క్లర్కు వచ్చాడు. పేజీ తెరిచాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు, మళ్లీ చూశాడు.

“సార్, ఇందుల నంబర్లేవి?” అన్నాడు.

నేను నవ్వుతూ వెళ్లాను, పాపం వెతకడం రావడం లేదని. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. ఆ గ్రంథంలో నంబర్లు ప్రతి పేజీకీ ఎడమ అంచున ఉంటాయి. కుడి పక్కన విషయం పేరు ఉంటుంది. మా బైండరు అంచులు నున్నగా కోసేసరికి ఎడమచేతి పేజీల నంబర్లన్నీ కటింగ్ మిషన్ కింద పడి పోయాయి. కుడిచేతి పేజీల నంబర్లు ఉన్నాయి గానీ అవి కుట్టు లోపలికి వెళ్లిపోయాయి. పేజీల తల మీది నంబర్లు కూడా నున్నగా పోయాయి. విషయాల పేర్లన్నీ ముత్యాల్లా మిగిలాయి. ఊళ్లో ఇళ్లన్నీ ఉండి డోరు నంబర్లు మాత్రం లేనట్టయింది.

అటెండర్ నా భుజం మీదుగా తొంగిచూసి, “గిదేంది సార్, ఎలుకలు గిట్ల తిన్నయా? గింత సక్కగ ఎట్ల తిన్నయి?” అన్నాడు. ఆ క్షణంలో ఎలుకల మీదికి నెట్టేద్దామన్న ఆలోచన నాకు రాలేదని ప్రమాణం చేయలేను.

ప్రొఫెసరుగారు పుస్తకం అందుకుని నాలుగు పేజీలు తిప్పాడు. “బైండింగు ఎవరు చెప్పి చేయించారు?” అన్నాడు. నేనేనన్నాను. “బాగుంది” అన్నాడు. ఆ తర్వాత పెన్ను తీశాడు. “ఇంకో సెట్టు వరంగల్లులో ఉంటుంది. అది వచ్చేలోపు నా రైలు వెళ్లిపోతుంది. పరీక్ష జరగలేదని రాసిస్తాను. వచ్చే ఏడాది పెట్టుకోండి.”

హాల్లో గుసగుస బయల్దేరింది. కోయ అమ్మాయి లేచి నిలబడింది. “సార్, వచ్చే ఏడాది నాకు లేదు” అంది. ప్రొఫెసరుగారు నావైపు చూశాడు. ఉత్తర్వు సంగతి నేను చెప్పాను. నా ఎర్ర అట్టల సరదాకు ఆ పిల్ల బతుకుదెరువు పోవడమా అని నిజంగా ఏడుపొచ్చింది.

అప్పుడు బ్యాంకు క్లర్కు నోరు విప్పాడు. “మా సార్‌కు నంబర్లన్నీ నోటికొస్తయ్ సార్. ప్రతి ఆదివారం మాకదే కదా సినిమా. ఇందుల పేరు సూసి మేం అడుగుతం, నంబర్ సార్ చెప్తడు.”

అందరూ నవ్వారు, ప్రొఫెసరుగారు తప్ప. ఆయన నన్ను ఒక ఐదారు విషయాలు అడిగాడు. తేనెటీగల పెంపకం, రైలు వంతెనలు, శవదహనం, ఇంకా ఏవో. నేను చెప్పాను. అంత భయంలోనూ కొంచెం దర్జాగానే చెప్పానని ఇప్పుడు ఒప్పుకోక తప్పదు. ఆయన పెన్ను మూత పెట్టాడు.

“సరే లైబ్రేరియన్ గారూ, ఈరోజుకు మీరు మనిషి కాదు, పుస్తకం. వాళ్లు పేజీలో వేలు పెట్టి ఏ పేరు చదివితే దాని నంబరు చెప్పాలి. తప్పు పేరు చదివినా దాని నంబరే చెప్పాలి. పుస్తకం సలహా ఇవ్వదు. మీరు ఒక్క సూచన ఇచ్చినా ఆ అభ్యర్థి మీద మాల్‌ప్రాక్టీసు రాస్తాను. మీ మీద కాదు, అభ్యర్థి మీద.”

అలా నా జీవితంలో మొదటిసారి, ఆఖరిసారి కూడా, నేను పుస్తకమయ్యాను. బల్ల పక్కన స్టూలు వేశారు. ప్రొఫెసరుగారు ఎదురుగా కూర్చున్నాడు. మనిషిగా పాఠం చెప్పడం కంటే పుస్తకంగా కూర్చోవడం చాలా కష్టమని అర్థమైంది. ఒక పంతులు పశువైద్యం పుస్తకానికి మనుషుల వైద్యం దగ్గర వేలు పెట్టాడు. నాకు లోపల ఉడికిపోతోంది. నంబరు చెప్పాను. చెబుతూ చిన్నగా దగ్గాను.

“పుస్తకం దగ్గదు” అన్నాడు ప్రొఫెసరుగారు తలెత్తకుండానే.

కాసేపటికి అటెండర్ చాయ్ తెచ్చాడు. ప్రొఫెసరుగారికి ఇచ్చి, నా ముందు ఆగి, “సార్, బుక్కుకు గూడ చాయ్ పొయ్యాల్నా?” అని ఆయన్నే అడిగాడు. “తడిస్తే పాడవుతుంది” అన్నాడాయన. నాకు చాయ్ దక్కలేదు.

కోయ అమ్మాయి బాగానే నడిపిస్తోంది. వంటల పుస్తకం సరిగ్గా పట్టుకుంది. బావుల తవ్వకం పట్టుకుంది. నేను మొహం రాయిలా పెట్టుకుని లోపల పొంగిపోతున్నాను. ప్రశ్నపత్రంలో చివరి పుస్తకం పేరు ‘ఇప్పపువ్వు: సేకరణ, నిల్వ, వాడకం’. మన జిల్లా మీద గౌరవంతో ప్రొఫెసరుగారు చేర్చినట్టుంది. పేరు చూడగానే నాకు జవాబు తెలిసిపోయింది. ఇప్పపువ్వంటే ఇప్పసారా. సారా తయారీ ఆరు వందల అరవై మూడు. ఇందులో ఆలోచించడానికి ఏముంది?

ఆమె బల్ల దగ్గరికి వచ్చింది. పేజీలు తిప్పింది. సారా ఉన్న పేజీ దాకా పోలేదు. వంటల దగ్గరే ఆగింది. ఒక చోట వేలు పెట్టి, “ఫుడ్, సార్” అంది.

అయ్యో అనుకున్నాను. చివరి ప్రశ్న. గట్టు దాకా వచ్చి జారుతోంది. అంతకుముందు ఎన్ని మార్కులు వచ్చాయో, ఈ ఒక్కదానితో గట్టెక్కుతుందో లేదో తెలియదు. ఆమె ఊరు గుర్తొచ్చింది, తెల్లవారుజాము బస్సు గుర్తొచ్చింది, నా ఎర్ర అట్టలు గుర్తొచ్చాయి. ఆ పాపమంతా ఒక్క నంబరుతో కడిగేసుకుందామనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

“ఆరు అరవై మూడు.”

చెప్పాక తెలిసింది, ఏం చేశానో. ప్రొఫెసరుగారు తల పైకెత్తాడు. ఆయనకు నంబర్లు నాకంటే బాగా వచ్చునన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తట్టనే లేదు. ఆయన చెయ్యి పెన్ను మీదికి పోయింది. ఆ పెన్నుతో ఆయన రాసేది నా పేరు కాదు, ఆమె పేరు.

ఆమె కదల్లేదు. వేలు తీయలేదు. హాలంతా వినబడేలా అంది:

“అట్లెట్ల సార్? వంటల బుక్కుకు మీరే ఆరు నలభై ఒకటి అన్నరు. నేను అడిగిన ఫుడ్డు దాని కిందనే ఉన్నది, ఇదే పేజీల. గీ పేజీ ఇడిసిపెట్టి అరవై మూడుకు ఎట్ల పోయిండ్రు? మీరు సారా దిక్కు పోయిండ్రు సార్.”

ముందు బ్యాంకు క్లర్కు నవ్వాడు, తర్వాత అందరూ. నేను నేలలోకి కుంగిపోయాను. ప్రొఫెసరుగారు ఆమెను చూశాడు, నన్ను చూశాడు, పెన్ను మెల్లగా కింద పెట్టాడు.

“పుస్తకంలో అచ్చుతప్పమ్మా” అన్నాడు. “దిద్దుకుని రాసుకో.”

నేను దిద్దిన నంబరు చెప్పాను. ఆమెకు వినబడక రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఆమె వెళ్లి రాసుకుంది.

పరీక్ష అయ్యాక ప్రొఫెసరుగారిని స్టేషనుకు రిక్షాలో తీసుకెళ్లాను. దారిలో నన్ను తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. “నేను ఇప్పపువ్వును అడవి ఉత్పత్తుల్లో పెట్టాను” అన్నాడు. “మీరు సారాలో పెట్టారు. ఆ అమ్మాయి ఆహారంలో పెట్టింది. ఆమె లైబ్రరీకి ఆ పుస్తకం వస్తే, ఎవరు తీసుకెళ్తారంటారు?” అంతలో రైలొచ్చింది.

ఫలితాలు తర్వాత వచ్చాయి. ఆమె పాసైంది, ఆ కుర్చీలో కూర్చుంది. నేను రిటైరైనప్పుడు కూడా ఆమె అక్కడే ఉంది. ఆ ప్రశ్నకు మార్కులు ఎవరికి ఎన్ని పడ్డాయో నేను కనుక్కోలేదు. కనుక్కునే ముఖం లేదు.

ఆ రోజు స్టేషను నుంచి నేరుగా బస్టాండుకు వెళ్లాను. భద్రాచలం బస్సు ఇంకా కదల్లేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుని ఉంది. నన్ను చూసి దిగబోతే వద్దని నేనే కిటికీ దగ్గరికి పోయాను. క్షమించమని అడుగుదామని వెళ్లినవాణ్ణి, నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

“నీ మంచికే చెప్పాను గదమ్మా. మాట్లాడకుండా రాసుకుని పోతే నేనేదో తంటాలు పడేవాణ్ణి.”

“మీరు మంచికే చెప్పిండ్రని నాకెర్కే సార్” అంది. “గని ఇప్పపువ్వంటే మీకు సారానే యాదికొచ్చిందా?”

“ఇంకేముందమ్మా దాంట్లో?”

ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. చేతిసంచిలోంచి గుడ్డమూట తీసి విప్పింది. పొద్దుటినుంచి ముట్టని తిండి. నువ్వులతో వేయించిన ఇప్పపూలు.

“వానకాలంల ఇంట్ల గింజలు అయిపోతయి సార్. అప్పుడు మా అమ్మ ఇవే ఉడకబెట్టి మమ్మల్ని సాదింది. సారా తాగేటోళ్లు తాగుతరు. మేం తింటం సార్.”

గుప్పెడు తీసి కిటికీలోంచి నా చేతిలో పోసింది. డ్రైవరు బండి స్టార్ట్ చేశాడు. ఈ జిల్లాలోనే పుట్టి, ఈ జిల్లాలోనే పెరిగి, ఎం.లిబ్. చేసిన నేను ఇప్పపువ్వును నోట్లో వేసుకోవడం అదే మొదటిసారి. తియ్యగా ఉంది. ఆ మాట తలెత్తి ఆమెకు చెప్పేలోపే బస్సు కదిలిపోయింది.